"పెట్టండి బాబూ, మంచిదే" అన్న మాటకు విలువెంత?

ఆంధ్ర సరిహద్దుని ఆనుకున్న ఒడిశా ఊళ్లు పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఒక కుర్రాడు కిరాణా కొట్టుకి వెళ్లి, "మేం ఒక యాప్ చేస్తున్నామండీ. ఫోన్లో ఆర్డర్ పెడితే హోల్‌సేల్ రేటుకి సరుకు మీ కొట్టుకే వచ్చేస్తుంది. మీకు పనికొస్తుందా?" అని అడిగాడనుకుందాం. వచ్చే జవాబు ముందే చెప్పేయొచ్చు: "పెట్టండి బాబూ, మంచిదే." కాస్త ఎరిగున్న కుర్రాడైతే టీ కూడా తెప్పిస్తారు. పది కొట్లు తిరిగితే పదిచోట్లా ఇదే మాట. దాన్ని నమ్మి ఉద్యోగం మానేసి, ఇంట్లోవాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, యాప్ చేయించి, మళ్లీ అదే కొట్టు మెట్లెక్కితే షావుకారు అంతే ఆప్యాయంగా "ఇప్పుడొద్దులే బాబూ, చూద్దాం" అంటారు. ఆయన మాట తప్పలేదు. మొదటిసారి ఆయన్ని అడిగింది ఒక మంచిమాట, అది ఇచ్చారు. రెండోసారి అడిగింది డబ్బు.

సరుకో సేవో తయారుచేయకముందే, కొనబోయేవాళ్లతో మాట్లాడి వాళ్ల అవసరం తెలుసుకునే పనిని స్టార్టప్‌లవాళ్లు కస్టమర్ డిస్కవరీ అంటారు. సిలికాన్ వ్యాలీలో కంపెనీలు నడిపిన స్టీవ్ బ్లాంక్ దీనికి ఒక పద్ధతి ఏర్పరిచారు. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో చెప్పిన కోర్సు ఆధారంగా అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లో ఐ-కోర్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో చేరిన ఒక్కో బృందం ఏడు వారాల్లో సుమారు 100 మందిని కలిసి మాట్లాడాలి. ఆఫీసులో కూర్చుని అనుకున్నవన్నీ ఊహలే, బయటికి వెళ్లి తేల్చుకోవాలి అన్నది దాని సారం. గుణుపురంలో జీఐఈటీ, పర్లాకిమిడిలో సెంచూరియన్ లాంటి యూనివర్సిటీలున్న ఈ ప్రాంతంలో ఇప్పుడు ఈ మాటలు కొత్తేమీ కాదు. కాకపోతే అమల్లోకి వచ్చేసరికి అది చాలాసార్లు ఒక గూగుల్ ఫారంగా మిగిలిపోతుంది. "ఇలాంటి యాప్ వస్తే వాడతారా? అవును / కాదు." వాట్సాప్ గ్రూపులో పెడితే స్నేహితులూ చుట్టాలూ "అవును" నొక్కేస్తారు, ఆ గ్రాఫు ప్రెజెంటేషన్‌లోకి ఎక్కుతుంది. కొట్టు నడిపే మనిషి ఆ లెక్కలో ఎక్కడా ఉండడు.

మొహమాటం జవాబుని ఎంతగా వంచుతుందో కొలిచి చూపిన అధ్యయనం మన దేశంలోనే జరిగింది. నికోలా డెల్, బిల్ థీస్, మరికొందరు పరిశోధకులు బెంగళూరులో 450 మందిని అడిగి, ఫలితాలను 2012లో ప్రచురించారు. రెండు వస్తువులు చూపించి ఏది బాగుందని అడిగినప్పుడు, ప్రశ్న అడిగే మనిషి తయారుచేశాడని తాము అనుకున్నదాన్నే మెచ్చుకునే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. అడిగేవారు దుబాసీ కావాల్సిన విదేశీ పరిశోధకులైతే అది ఐదు రెట్లకు చేరింది. అడిగేవాళ్ల వస్తువుని కావాలనే నాసిరకంగా మార్చి చూపించినా జనం దానికే ఓటేశారు. అడిగేవాడు తనకన్నా చదువుకున్నవాడిలా, దూరం నుంచి వచ్చినవాడిలా కనిపించేకొద్దీ మర్యాద పెరుగుతుంది, నిజం తగ్గుతుంది.

అందుకే ఇంటర్వ్యూలో మొదట దాచాల్సింది సొంత ఆలోచనే. "మేం చేస్తున్నాం" అన్న ముక్క నోట వచ్చిన క్షణం నుంచి అవతలి మనిషి మన మనసు కష్టపెట్టకుండా మాట్లాడటం మొదలుపెడతాడు. అబద్ధం చెప్పక్కర్లేదు. "ఈ చుట్టుపక్కల కొట్లకు సరుకు ఎలా వస్తుందో తెలుసుకుందామని తిరుగుతున్నాం" అంటే అదీ నిజమే. మరీ అడిగితే వ్యాపారం పెట్టే ఉద్దేశం ఉందని చెప్పొచ్చు, ఏ వ్యాపారమో చివర్లో చెప్పొచ్చు.

కిరాణా సరుకు ఉదాహరణనే పట్టుకుని ముందుకెళ్దాం, ఎందుకంటే ఈ సరిహద్దు స్వభావం అందులో బాగా కనిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం అటు వెళ్లాయి. జనం రాకపోకలు, సరుకు దారులు మాత్రం పాతవే. పర్లాకిమిడి దాటి నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా వచ్చే రైలు పర్లాకిమిడి దాటి గుణుపురం దాకా వెళ్తుంది. 1900లో పర్లాకిమిడి రాజావారి హయాంలో చిన్న బండిగా మొదలైన ఆ లైను ఇప్పుడు బ్రాడ్‌గేజ్. రాయగడ వాళ్లకు పార్వతీపురం, విజయనగరం ఒకే రైలు దారిలో ఉన్నాయి. కాబట్టి ఇక్కడ కొట్టు పెట్టుకున్న తెలుగువాళ్లకు సరుకు ఏ రాష్ట్రం నుంచి వస్తుందన్నది మ్యాపు చూసి చెప్పే సంగతి కాదు.

"వాడతారా?", "ఎంతిస్తారు?", "ఎలాంటి ఫీచర్లు కావాలి?" అన్నవన్నీ రాబోయే కాలం గురించిన ప్రశ్నలు. రాబోయే కాలంలో అందరం పొద్దున్నే లేచి నడుస్తాం, నెలనెలా డబ్బు దాస్తాం. ఇంటర్వ్యూకి పనికొచ్చేవి పోయినసారి ఏం జరిగిందో అడిగే ప్రశ్నలు. అదీ "మామూలుగా ఏం చేస్తారు?" అని కాకుండా, ఒక్కసారి, ఫలానా రోజు ఏం జరిగిందని. సంభాషణ ఎలా సాగవచ్చో చూపడానికి ఊహించి రాసిన నమూనా ఇది:

"షావుకారుగారూ, పోయినసారి సరుకు ఎప్పుడొచ్చిందండీ?"

"మొన్న మంగళారం."

"మీరే వెళ్లి తెచ్చారా?"

"నేనే ఎల్తాను బాబూ ఎప్పుడూ. మొన్న... లేదులే, మొన్న చీటీ ఇచ్చి పంపించాను. ఆటో అతను తెచ్చాడు."

"చీటీలో రాసినవన్నీ వచ్చాయా?"

"నూనె డబ్బాలు రెండు తగ్గాయి. ఫోన్ చేస్తే స్టాకు లేదన్నాడు."

"మరేం చేశారండీ?"

"ఏం చేస్తాం? ఇక్కడే ఇంకో కొట్టులో తీసుకున్నాను. రేటు ఎక్కువే. సంత రోజు నూనె లేదంటే మనిషి పక్క కొట్టుకి పోతాడు కదా."

"సరుకు పంపిన పాతపట్నం హోల్‌సేల్ వాళ్లకి డబ్బు అప్పుడే ఇచ్చేశారా?"

"అప్పుడెందుకు? వారానికోసారి వసూలు లైనుకి మనిషొస్తాడు. సగం ఇత్తాం. మిగతాది పంట డబ్బులొచ్చాక."

ఇందులో యాప్ మాట ఒక్కసారి కూడా రాలేదు. అయినా దొరికిన సమాచారం చూడండి. "నేనే ఎల్తాను ఎప్పుడూ" అన్న మనిషి ఒక్క మంగళవారం గురించి అడిగేసరికి మాట సరిచేసుకున్నాడు. అలవాటు గురించి అడిగితే తన గురించి తను అనుకునేది చెప్తాడు, ఒక రోజు గురించి అడిగితే జరిగింది చెప్తాడు. తక్కువ రేటు కోసం ఆర్డర్ యాప్ చేద్దామనుకున్నవాడికి, అసలు నొప్పి రేటు దగ్గర లేదేమో, తగ్గిన సరుకు సంత రోజు లోపల దొరక్కపోవడం దగ్గరుందేమో అన్న అనుమానం ఇక్కడే పుట్టాలి. ఎందుకంటే ఎక్కువ రేటు పెట్టి మరీ కొన్నాడు. ఫిర్యాదు చేసి ఊరుకున్న సమస్య వేరు, చేతి డబ్బు పోసి తీర్చుకున్న సమస్య వేరు. రెండో రకం దొరికితే అక్కడ ఆగి ఇంకా తవ్వాలి: ఇలా నెలలో ఎన్నిసార్లు? అంతకుముందు ఎప్పుడు? అప్పుడు ఏ సరుకు తగ్గింది?

మాట కన్నా కాగితం నయం. కౌంటర్ వెనక మేకుకి వేలాడే వంకీ తీగకు బిల్లులు గుచ్చి ఉంటాయి. అనుమతి అడిగి పైనున్న పది బిల్లులు చూస్తే చాలా ప్రశ్నలు అడిగే పనే ఉండదు. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. 37 అయితే అమ్మినవాడు ఆంధ్రప్రదేశ్ వాడు, 21 అయితే ఒడిశా వాడు. సబ్బులు, బిస్కెట్లు, షాంపూ ప్యాకెట్ల బిల్లులు 21తోనూ, పప్పులు, బెల్లం, ఉల్లిపాయల బిల్లులు 37తోనూ కనిపించాయంటే కంపెనీ సరుకుకి ఈ పక్క ఏజెన్సీ ఉంది, విడి సరుకు మాత్రం అటు నుంచి వస్తోంది అని అర్థం. అలాంటప్పుడు "అన్ని సరుకులూ ఒకేచోట" అన్న ఆలోచనని రెండు ముక్కలు చేసి చూడాలి. తీగకు ఎక్కని కచ్చా చీటీలు కూడా ఉంటాయి. సరుకుల వ్యాపారంలో ఏడాది టర్నోవర్ ₹40 లక్షల లోపున్న చిన్న కొట్టుకి ఈ రెండు రాష్ట్రాల్లోనూ మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి, అలాంటి చోట బిల్లులు లేకపోవడం వింతేమీ కాదు. వాటి గురించి గుచ్చి గుచ్చి అడిగితే షావుకారుకి మనం టాక్స్ ఆఫీసు మనుషులమేమో అని టెన్షన్ మొదలవుతుంది. ఆ ఇంటర్వ్యూ అక్కడితో సరి.

ఈ కాగితాలు షావుకారు గురించే కాదు, మనం పెట్టబోయే వ్యాపారం గురించి కూడా చెప్తాయి. ఆంధ్ర వైపు గోడౌన్ పెట్టి పన్ను పడే సరుకుని ఒడిశా కొట్లకు అమ్మితే అది రాష్ట్రాల మధ్య అమ్మకం. టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, చిన్న వ్యాపారులు తేలిక పద్ధతిలో తక్కువ రేటుకి పన్ను కట్టే కాంపోజిషన్ స్కీము వర్తించదు. 2018 ఏప్రిల్ నుంచి, రాష్ట్రం దాటే అలాంటి సరుకు విలువ ₹50,000 మించితే ఈ-వే బిల్లు, అంటే రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం, కూడా ఉండాలి. ఒక్క కొట్టు చీటీ అంత దాకా వెళ్లకపోవచ్చు. ఇరవై కొట్ల సరుకు తనే కొని ఒక వ్యాన్‌లో తెచ్చే స్టార్టప్‌కి అది మొదటి రోజే ఎదురవుతుంది. చీటీ పట్టుకెళ్లి సరుకు తెచ్చే ఆటో అతనికి ఆ బాధ లేదు.

ఆ ఆటో అతని దగ్గర ఇంకాస్త ఆగాలి. స్టార్టప్ పెట్టేవాళ్లు పోటీ ఎవరని అడిగితే కొట్లకు ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే, బెంగళూరులో 2016లో మొదలైన ఉడాన్ లాంటి పెద్ద పేర్లు చెప్తారు. పర్లాకిమిడి వీధి కొట్టు లెక్కలో పోటీ అంటే చీటీ మోసే ఆ మనిషి, వారంవారం లైనుకొచ్చే హోల్‌సేల్ కొట్టు గుమస్తా. వీళ్లిద్దరూ చేసే పనుల జాబితా రాస్తే ఏ యాప్‌లోనూ పట్టదు. చీటీ అర్థంకాకపోతే అడిగి రాసుకుంటాడు, ఒక రకం లేకపోతే దాని బదులు ఏది తేవచ్చో అతనికి తెలుసు, పగిలిన సీసాలు తిరిగి పట్టుకెళ్తాడు, దారిలో షావుకారు తల్లికి మందులు కూడా కొని తెస్తాడు. గుమస్తా అయితే గడువు దాటిన బిస్కెట్ ప్యాకెట్లు వాపసు తీసుకుంటాడు, పెళ్లి సీజన్లో నాలుగు రోజులు ఆగుతాడు, యజమానికి సర్ది చెప్తాడు. వీళ్లను అడగకుండా షావుకార్లను మాత్రమే అడిగి వచ్చినవాడికి సగం కథే తెలుస్తుంది. వాళ్లు మన రాకని తమ పొట్ట కొట్టడానికే అనుకునే ప్రమాదం ఉంది, అది అన్యాయమైన అనుమానం కూడా కాదు. కాబట్టి వాళ్ల దగ్గర దాపరికం అసలు వద్దు. "ఈ పనిలో మీకు విసుగు తెప్పించేది ఏది?" అని అడిగితే, ఖాళీగా తిరిగొచ్చే ట్రిప్పుల గురించో, ఇరవై కొట్లలో పద్నాలుగు తలుపులు మూసున్న మధ్యాహ్నాల గురించో చెప్పే అవకాశం ఉంది. ఆ జవాబులోంచి పుట్టే వ్యాపారం మొదట అనుకున్నదానికన్నా మెరుగ్గా ఉండొచ్చు.

ఇక అప్పు. సరిహద్దుకి అటూ ఇటూ కిరాణా వ్యాపారం నడిచేది దాని మీదే. హోల్‌సేల్ కొట్టు షావుకారుకి అరువిస్తుంది, షావుకారు చుట్టుపక్కల గూడేల వాళ్లకి అరువిస్తాడు, వాళ్లు పంట వచ్చాక తీరుస్తారు. ఈ గొలుసులో ఎక్కడా లేని కొత్త కంపెనీ వచ్చి "బస్తాకి ఇరవై రూపాయలు తక్కువ, డబ్బు మాత్రం వెంటనే" అంటే, లెక్క తెలిసిన షావుకారు నవ్వి ఊరుకుంటాడు. ఇరవై రూపాయల కన్నా నెల రోజుల గడువు ఆయనకి ఎక్కువ విలువైనది. కానీ "మీకు అప్పెంతుంది?" అని ముఖం మీద అడిగే ప్రశ్న కాదు ఇది. పై నమూనాలోలా "డబ్బు అప్పుడే ఇచ్చేశారా?" అని పక్క నుంచి వస్తే తనే చెప్తాడు. పద్దుల పుస్తకం తెరిచి చూపించాడంటే అది పెద్ద నమ్మకం. అందులో పేజీపేజీకీ ఊళ్లో వాళ్ల పేర్లు, బాకీలు ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీయాలనిపిస్తుంది, తీయకూడదు. ఆ పేర్లు ఆయనవి కూడా కావు, మనకు చూపించే హక్కు ఆయనకే పూర్తిగా లేదు. ఎన్ని ఖాతాలు, సుమారుగా ఎన్నాళ్లకు తీరుతున్నాయి అని మాత్రమే మన నోట్సులో రాసుకుంటే చాలు.

అందువల్లే ఇంటర్వ్యూ ఏ నెలలో జరిగిందో కూడా నోట్సులో ఉండాలి. గుణుపురం, రాయగడ వైపు పత్తి అమ్ముడయ్యే చలికాలంలో అడిగితే షావుకారు సరుకు చాలట్లేదంటాడు. అదే మనిషి శ్రావణ భాద్రపదాల్లో, చేతిలో డబ్బాడని రోజుల్లో, బాకీల గురించి తప్ప మాట్లాడడు. గజపతి జిల్లా కొండల్లో జీడిపిక్కలు అమ్ముడయ్యే ఎండాకాలం ఇంకో తీరు. ఒకే సీజన్లో ముప్పై కొట్లు తిరిగి "సమస్య ఇదీ" అని తేల్చిన బృందం ఆ సీజన్ సమస్యనే తేల్చింది. ఏడాదంతా ఆగే తీరిక ఏ స్టార్టప్‌కీ ఉండదు కాబట్టి, "పోయిన సంక్రాంతి ముందు ఎలా ఉంది? వానల్లో దారి తెగినప్పుడు ఏం చేశారు?" అని ఒక్కో కాలంలో జరిగిన ఒక్కో సంఘటన అడిగి ఆ లోటు కొంత పూడ్చుకోవాలి. రోజులో వేళ కూడా అంతే. సంత రోజు పొద్దున్న నోట్సు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడితే బేరం చెడగొట్టినట్టే. ఆ రోజు దూరంగా నిలబడి చూడాలి, మర్నాడు మధ్యాహ్నం రెండింటికి వెళ్లి అడగాలి.

ఆ మధ్యాహ్నం వేళ చాలా కొట్లలో కూర్చునేది షావుకారు కాదు, ఇంటావిడ. ఏ ఇంటికి ఎంత ఇచ్చారో, ఏ సరుకు కదలకుండా పడి ఉందో ఆవిడకి తెలిసినంత ఆయనకి తెలియకపోవచ్చు. అయినా కుర్రాళ్లు "షావుకారు లేరామ్మా, మళ్లీ వస్తాం" అని వచ్చేస్తారు. ఫోన్ వాడేది కొడుకు, చీటీ రాసేది తండ్రి, బాకీ వసూలు చేసేది తల్లి అయిన కొట్టులో, యాప్ ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరు వద్దంటే ఆగిపోతుంది అన్నవి రెండు వేరు వేరు ప్రశ్నలు. ముగ్గురినీ విడివిడిగా అడిగితేనే తెలుస్తుంది.

భాష దగ్గర తెలుగు బృందాలు చేసే పొరపాటు ఒకటుంది. పరిచయస్తుల ద్వారా వెళ్లడం తేలిక, అనుమానం ఉండదు, కాబట్టి మనవాళ్ల కొట్లకే వెళ్తారు. ఆ మనవాడు ఇంకో మనవాడి పేరు చెప్తాడు. ఇరవై ఇంటర్వ్యూలయ్యేసరికి ఒకే వీధి, ఒకే కులం, ఒకే హోల్‌సేలర్ దగ్గర ఖాతా ఉన్నవాళ్లు తయారవుతారు. ఒడియా షావుకార్లు బరంపురం నుంచి సరుకు తెప్పించుకుంటున్నారన్న సంగతి ఆ నోట్సులో ఎక్కడా ఉండదు. ఇక కొట్టుకి వచ్చి కొనేవాళ్లలో సవరలు, కొందుల భాష అయిన కువి మాట్లాడేవాళ్లు చాలామంది. వాళ్లతో షావుకారు సాయంతో మాట్లాడితే, బాకీ ఉన్న మనిషి బాకీ ఇచ్చిన మనిషి ముందు ఏం చెప్తాడు? దుబాసీ కావాల్సిన విదేశీయులు అడిగితే మర్యాద ఎంత పెరుగుతుందో బెంగళూరు అధ్యయనం చెప్పింది. ఇక్కడ దుబాసీయే అప్పిచ్చినవాడు. ఈ పర్లాకిమిడిలోనే పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి, సవరల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తను వాళ్ల భాష నేర్చుకోవాలనుకుని, నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. స్టార్టప్ కుర్రాళ్ల నుంచి ఎవరూ అంత ఆశించరు. బృందంలో ఒక ఒడియా మనిషిని, ఊళ్లో చదువుకున్న ఒక సవర అమ్మాయినో అబ్బాయినో చేర్చుకుని, వాళ్లకు డబ్బిచ్చి, వాళ్లనే అడగనివ్వడం మాత్రం సాధ్యమే.

ఎంతమందిని కలవాలి అన్నదానికి ఒకే అంకె లేదు. కొనుగోలుదారుల అవసరాల మీద 1993లో గ్రిఫిన్, హౌజర్ చేసిన పరిశోధన, ఒకే రకం కొనుగోలుదారుల్లో 20 నుంచి 30 మందిని విడివిడిగా అడిగితే వాళ్ల అవసరాల్లో 90 నుంచి 95 శాతం బయటపడతాయని అంచనా వేసింది. 2006లో గెస్ట్, ఆయన సహచరులు పశ్చిమాఫ్రికాలో చేసిన 60 ఇంటర్వ్యూలను తిరగేసి చూసినప్పుడు, మొదటి పన్నెండు అయ్యేసరికే కొత్త విషయాలు రావడం దాదాపు ఆగిపోయింది. రెండింటిలోనూ కీలకం ఒకే రకం మనుషులన్నది. తెలుగు షావుకార్లు, ఒడియా షావుకార్లు, లైను గుమస్తాలు, హోల్‌సేలర్లు ఒకే రకం కాదు. ఒక్కో వర్గానికి పన్నెండు పదిహేను మంది దగ్గర మొదలుపెట్టి, వరసగా మూడు నాలుగు ఇంటర్వ్యూల్లో కొత్తమాట రాకపోతే ఆ వర్గంలో ఆపొచ్చు.

నోట్సు ఆ సాయంత్రమే రాయాలి, షావుకారు అన్న మాటల్లోనే రాయాలి. "మనిషి పక్క కొట్టుకి పోతాడు" అన్నదాన్ని "కస్టమర్ పోతాడన్న భయం" అని మార్చి రాస్తే వారం తర్వాత ఆ వాక్యంలోంచి కొట్టు మాయమై బృందం అభిప్రాయమే మిగులుతుంది. ఇద్దరు వెళ్లి ఒకరు మాట్లాడి ఒకరు రాసుకోవడం మంచిది. ముగ్గురు వెళ్తే రికవరీకి వచ్చినట్టుంటుంది. రికార్డింగ్ చేయాలంటే ముందే అడగాలి, ఎర్ర చుక్క కనిపించగానే మాట బిగుసుకుపోతుందని కూడా తెలిసుండాలి.

ఇంటర్వ్యూ చివర్లో ఆలోచన చెప్పొచ్చు. కానీ అప్పుడు వచ్చే పొగడ్తని లెక్కలో వేయకూడదు. "చూద్దాం" అంటే ఇక్కడ చాలావరకు వద్దనే. "మా అబ్బాయిని అడగాలి" అంటే ఆ అబ్బాయిని కలిసే దాకా అదీ వద్దనే. "అందరూ తీసుకుంటే నేనూ తీసుకుంటాను" అన్నది మాత్రం పట్టించుకోవాల్సిన మాట. ఎవరు తీసుకుంటే తీసుకుంటారో అడిగితే ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందో తెలుస్తుంది. అసలు పరీక్ష పని అడగడం. "వచ్చే సోమవారం చీటీ మాకివ్వండి, మంగళవారం తెచ్చిస్తాం, రెండొందలు అడ్వాన్స్ ఇవ్వండి" అంటే "మంచిదే" అన్నవాళ్లలో ఎంతమంది గల్లాపెట్టె తెరుస్తారో చూడాలి. దానికి యాప్ అక్కర్లేదు. ఒక వాట్సాప్ నంబరు, ఒక నోటుపుస్తకం, అద్దెకు ఒక ఆటో చాలు. డబ్బివ్వనివాళ్లు చెడ్డవాళ్లేం కాదు, వాళ్లకి ఆ సమస్య అంత బాధగా లేదు, అంతే. డబ్బు బదులు మరో విధంగా కూడా మాట నిలబెట్టుకోవచ్చు. తన హోల్‌సేలర్‌కి ఫోన్ చేసి పరిచయం చేసినా, మూడు నెలల బిల్లులు చూసుకోమని ముందు పెట్టినా అది పొగడ్త కన్నా బరువైనదే.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం తిరిగి ఒక బృందం ఇలా తేల్చుకుందనుకుందాం: ఆర్డర్ తీసుకునే యాప్ ఎవరికీ అక్కర్లేదు, మంగళవారం చీటీలో తగ్గిన సరుకుని సంతకి ముందు తెచ్చిపెట్టే ఏర్పాటుకి మాత్రం కొందరు డబ్బిచ్చారు. అప్పుడు సహజంగా వచ్చే తొందర, ఇదే పద్ధతిని బరంపురం చుట్టుపక్కలకీ తీసుకెళ్దామని. అక్కడ లెక్క వేరు. బరంపురం హౌరా-చెన్నై రైలు మార్గం మీద, జాతీయ రహదారి 16 పక్కన ఉన్న పెద్ద వ్యాపార కేంద్రం. ఒక హోల్‌సేలర్ దగ్గర తగ్గితే పక్క వీధిలో ఇంకొకడుంటాడు, సరిహద్దు దాటాల్సిన పని రాదు. బరంపురం ఉన్న గంజాం జిల్లా పల్లెల్లో పంట డబ్బుతో పాటు సూరత్ మిల్లుల నుంచి కొడుకులు పంపే డబ్బు కూడా ఉంటుంది, కాబట్టి బాకీలు తీరే తేదీలే వేరు. గుణుపురం నోట్సులో పనికొచ్చిన ప్రశ్నలు అక్కడా పనికొస్తాయి, జవాబులు పనికిరావు. బిల్లుల తీగ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.